లూవ్ర్‌లో బియాన్సే: ఆరు నిమిషాల వీడియోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎందుకు?

పెద్ద పాప్ స్టార్ వీడియో వచ్చిందంటే చాలు, గంట తిరక్కుండా "ఇందులో దాగిన అర్థాలు ఇవే" అంటూ యూట్యూబ్ నిండిపోతుంది. మన సినిమా టీజర్లకు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ బ్రేక్‌డౌన్ చేసేవాళ్ల హడావిడే అక్కడా ఉంటుంది. గోడ మీద బొమ్మ, వేలికున్న ఉంగరం, వెనకాల కనిపించిన త్రికోణం, ప్రతిదానికీ ఒక రహస్యం అంటగడతారు. ఇవన్నీ చూసి విసిగిపోయినవాళ్లు "డబ్బులుండి అందమైన చోట షూటింగ్ చేసుకున్నారు, అంతకుమించి ఏమీ లేదు" అని కొట్టిపారేస్తారు.

ఈ రెండు వైఖరుల వల్లా అసలు విషయం చేజారుతుంది. కొన్ని వీడియోల్లో చిత్రకళను నిజంగానే బాగా ఆలోచించి వాడతారు. దాన్ని అర్థం చేసుకోవడానికి గూఢసంకేతాల జ్ఞానం అక్కర్లేదు. ఏ బొమ్మ ముందు ఎవరున్నారు, నిలబడ్డారా, కూర్చున్నారా, కెమెరా ఎవరిని మధ్యలో పెట్టింది అనేది గమనిస్తే సగం పైగా తెలిసిపోతుంది. పాత పెళ్లి గ్రూప్ ఫోటో చూసి, ఎవరు కుర్చీలో ఉన్నారో ఎవరు చివర నిలబడ్డారో బట్టి ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లేదో మనం చెప్పేస్తాం కదా, ఇదీ అలాంటి చూపే. ఇలా చూడటానికి నాకు తెలిసినంతలో అమెరికా గాయని బియాన్సే 'ఏప్‌షిట్' పాట వీడియోను మించిన ఉదాహరణ లేదు.

వీడియో సంగతి

2018 జూన్ 16న బియాన్సే, ఆమె భర్త, ర్యాపర్ జే-జీ కలిసి 'ది కార్టర్స్' అనే పేరుతో 'ఎవ్రీథింగ్ ఈజ్ లవ్' ఆల్బమ్ విడుదల చేశారు. అదే రోజు ఈ పాట వీడియో కూడా వచ్చింది. పాట పేరులో ఉన్నది బూతుమాటే. జనం వెర్రెత్తి ఊగిపోవడాన్ని అమెరికా వీధిభాషలో అలా అంటారు. ఇంత ఎత్తుకు వచ్చామంటే మాకే నమ్మకం కలగడం లేదన్న సంబరం పాట సారాంశం. దర్శకుడు రికీ సైజ్. నృత్యాల్లో బెల్జియం కొరియోగ్రాఫర్ సిదీ లార్బీ షెర్కావి చెయ్యి ఉంది. షూటింగ్ ప్రధానంగా పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, సందర్శకులు లేని వేళ జరిగింది. రోజూ వేలమంది తోసుకుంటూ చూసే మోనాలిసా ముందు ఇద్దరే ఇద్దరు నిలబడి మనవైపు చూస్తుంటారు. ఆ ఖాళీతనం కూడా వీడియో చెప్పే కథలో భాగమే.

ప్రతీక వేరు, ప్రభావం వేరు

వీడియోల గురించిన చర్చల్లో కొన్ని మాటలు కలగాపులగం అవుతుంటాయి. ప్రతీక అంటే ఒక వస్తువో రంగో భంగిమో తనకు మించిన మరో అర్థాన్ని మోయడం. కిరీటం అధికారానికి ప్రతీక. దాన్ని అందరూ అలా గుర్తుపడతారు కాబట్టే అది పనిచేస్తుంది. ఉటంకింపు అంటే ఫలానా పాత కళాఖండాన్ని పోల్చుకునేలా చూపించడం. కవి పద్యంలో మరో కవి పాదాన్ని తెచ్చి పెట్టుకున్నట్టు. ప్రభావం ఇంకాస్త వదులుగా ఉంటుంది: ఒక కళాకారుడి వెలుతురూ కూర్పూ మరొకరి పనిలో కనిపిస్తాయి, కానీ ఇదిగో ఇక్కడ తీసుకున్నారు అని వేలు పెట్టి చూపలేం.

మరొకటి సజీవ చిత్రం. 18, 19 శతాబ్దాల్లో యూరప్ సంపన్నుల ఇళ్లలో మనుషులు వేషాలు వేసుకుని ప్రసిద్ధ చిత్రాల్లోని భంగిమల్లో కదలకుండా నిలబడి వినోదించేవారు. 'ఏప్‌షిట్'లో చాలా షాట్లు ఈ పద్ధతిలో తీసినవే. మనుషులు బొమ్మల్లా బిగుసుకుపోతారు, ఆ పైన ఉన్నట్టుండి కదులుతారు.

కిరీటం కింద వరుస

జాక్-లూయీ డేవిడ్ గీసిన 'నెపోలియన్ పట్టాభిషేకం' లూవ్ర్‌లోని అతి పెద్ద చిత్రాల్లో ఒకటి. ఎత్తు 6 మీటర్ల పైన, వెడల్పు దాదాపు 10 మీటర్లు. 1804 డిసెంబర్ 2న నోటర్ డామ్ చర్చిలో జరిగిన వేడుకను డేవిడ్ 1805 నుంచి 1807 వరకు గీశాడు. నెపోలియన్ తనకు తానే కిరీటం పెట్టుకుంటున్నట్టు మొదట ఊహించి, తర్వాత మార్చాడు. ఇప్పుడున్న చిత్రంలో నెపోలియన్ కిరీటం ఎత్తి పట్టుకుని ఉంటాడు, భార్య జోసెఫిన్ అతని ముందు మోకరిల్లి ఉంటుంది, పోప్ వెనక కూర్చుని ఆశీర్వదిస్తుంటాడు. ఆ రోజు వేడుకకు రానేరాని నెపోలియన్ తల్లి కూడా చిత్రం నడిమధ్యలో దర్జాగా కూర్చుని కనిపిస్తుంది. అంటే ఈ చిత్రం పుట్టిందే ప్రచారం కోసం. ఎవరు ఎక్కడుండాలో పాలకుడి ఇష్టప్రకారం పేర్చిన దృశ్యం ఇది.

వీడియోలో బియాన్సే సరిగ్గా ఈ చిత్రం కింద నల్లజాతి నర్తకీమణులతో చేయీ చేయీ కలిపి వరుసగా నిలబడి నాట్యం చేస్తుంది. నర్తకులు వేసుకున్నవి వాళ్ల వాళ్ల ఒంటిరంగులో కలిసిపోయే బిగుతు దుస్తులు. గోధుమ నుంచి ముదురు నలుపు దాకా రంగుల్లోని తేడాలన్నీ ఒకే వరుసలో కనబడతాయి. పైన చిత్రంలో రాణి కిరీటం అందుకోవడానికి మోకాళ్ల మీద ఉంది. కింద వరుసకు నాయకురాలు నిలబడి ఉంది, ఆమెకు ఎవరూ ఏదీ పెట్టాల్సిన పనిలేదు.

ఇక్కడికే ఆగినా షాట్ అర్థమవుతుంది. చరిత్ర కలిపితే మరింత బరువెక్కుతుంది. జోసెఫిన్ పుట్టింది కరీబియన్ దీవి మార్టినిక్‌లో, బానిసలతో చెరకు సాగు చేయించిన తోటల యజమాని ఇంట్లో. ఫ్రెంచి విప్లవం 1794లో రద్దు చేసిన బానిసత్వాన్ని వలసల్లో 1802లో మళ్లీ చట్టబద్ధం చేసింది నెపోలియనే. అలాంటి దంపతుల పట్టాభిషేకం కింద, నల్లజాతి స్త్రీలు రాజసంగా నిలబడటం యాదృచ్ఛికమని నాకు అనిపించదు. అయితే దర్శకుడి మనసులో 1802 చట్టం ఉందా అన్నది వేరే ప్రశ్న. చిత్రం ఎంపిక, నర్తకుల ఎంపిక, వాళ్లను నిలబెట్టిన చోటు మాత్రం తెరమీద ఉన్న సాక్ష్యాలు. అర్థం చెప్పడానికి అవి చాలు.

నేల మీద కూర్చున్న ఇద్దరు, గోడ మీదున్న ఒక్కరు

నన్ను ఈ వీడియోలో ఎక్కువసేపు కట్టిపడేసేవి రెండు చిత్రాలు. రెండూ 1800లో గీసినవే.

మొదటిది మళ్లీ డేవిడ్‌దే, 'మదామ్ రెకామియే'. పారిస్ ధనికవర్గపు సుందరి తెల్లటి గౌనులో పొడవాటి సోఫా మీద ఒరిగి మనవైపు చూస్తుంటుంది. డేవిడ్ ఈ చిత్రాన్ని పూర్తి చెయ్యకుండానే వదిలేశాడు. వీడియోలో ఈ చిత్రం కింద ఇద్దరు నల్లజాతి స్త్రీలు నేల మీద కూర్చుని ఉంటారు. ఇద్దరి తలలకూ చుట్టిన తెల్లటి బట్ట ఒకటే, అది ఇద్దరినీ కలుపుతుంది. యూరప్ చిత్రకళలో నల్లజాతి స్త్రీ కనిపిస్తే చాలాసార్లు దాసిగానే కనిపిస్తుంది: యజమానురాలి పక్కన పూలగుత్తి పట్టుకునో, పళ్లెం పట్టుకునో. ఈ షాట్‌లో వాళ్ల చేతుల్లో ఏ పళ్లెమూ లేదు. పైనున్న సుందరి ధరించిన తెలుపే వాళ్ల తలల మీదికి వచ్చింది. అయినా వాళ్లున్నది కిందే, నేల మీదే. ఈ షాట్‌ను విజయంగా చదివినవాళ్లూ ఉన్నారు, పాత హోదాల తేడాను ఉన్నదున్నట్టు చూపిందని చదివినవాళ్లూ ఉన్నారు. నాకు రెండో వాదన బలంగా అనిపిస్తుంది. వీడియో అంతా గెలుపు పాట పాడుతుంటే ఈ ఒక్క షాట్ మాత్రం గెలవనివాళ్లను గుర్తుచేస్తుంది.

రెండోది మరీ-గిల్‌మిన్ బెన్వా గీసిన నల్లజాతి స్త్రీ చిత్తరువు. బెన్వా డేవిడ్ శిష్యురాలు. చిత్రం చాలా చిన్నది, ఎత్తు 81 సెంటీమీటర్లు. పట్టాభిషేకం పక్కన పెడితే అగ్గిపెట్టెంత. దీని ముందు ఎవరూ నాట్యం చెయ్యరు, పాట పాడరు. కెమెరా ఆమె ముఖాన్ని చూపి ఊరుకుంటుంది. వీడియోలో చాలా గొప్ప చిత్రాల ముందు ఎవరో ఒకరు నిలబడి వాటిని కొంతైనా కప్పేశారు. ఈమెకు మాత్రం ఎవరూ అడ్డు రాలేదు.

ఈ చిత్రం తేదీ గమనించండి. 1794లో బానిసత్వం రద్దయింది, 1802లో తిరిగొచ్చింది. ఆ మధ్యనున్న 8 ఏళ్లలో, 1800లో, ఒక నల్లజాతి స్త్రీని దాసిగా కాక చిత్రానికి తానే కేంద్రంగా కూర్చోబెట్టి గీశారు. తెల్లని వస్త్రం, ఎర్రని నడికట్టు, కుర్చీ మీద నీలి శాలువ: ఫ్రాన్స్ జెండాలోని మూడు రంగులూ ఉన్నాయి. అందుకని దీన్ని స్వేచ్ఛకు ప్రతీకగా చూసే కళాచరిత్రకారులున్నారు. మరోవైపు ఆమె రొమ్ము ఒకటి బయటకు కనిపిస్తుంది. ఆ కాలపు గౌరవనీయ ఫ్రెంచి మహిళ ఎవరూ తన చిత్తరువుకు అలా కూర్చోరు, ఆమె సమ్మతి ఎవరు అడిగారు అని ప్రశ్నించేవాళ్లున్నారు. రెండు వాదనలూ నిలిచేవే. ఎందుకంటే చిత్రంలో గౌరవం ఉంది, ఆ గౌరవం కిందే అసమానతా ఉంది.

ఆమె ఎవరన్నది చాలాకాలం చిత్రం పేరులోనే లేదు, 'నీగ్రో స్త్రీ' అని మాత్రమే ఉండేది. ఆమె గ్వాడెలూప్ దీవి నుంచి వచ్చి బెన్వా మరిది ఇంట్లో పనిచేసిన మాడ్లెన్ అని తర్వాత పరిశోధనలో తేలింది. 2019లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం చిత్రకళలో నల్లజాతి మోడళ్ల మీద పెట్టిన ప్రదర్శనలో ఈ చిత్రాన్ని 'మాడ్లెన్ చిత్తరువు' అని పిలిచారు. అది వీడియో వల్లే జరిగిందని అనడం తప్పు. ఆ పరిశోధన వీడియో కంటే ముందు నుంచీ నడుస్తున్నదే.

తెప్ప, మోకాలు, రెక్కలు

జే-జీ ఒక్కడే నిలబడి ర్యాప్ పాడే చోట వెనక ఉన్నది జెరికో గీసిన 'మెడ్యూసా తెప్ప'. 1816లో సెనెగల్‌కు బయలుదేరిన మెడ్యూసా అనే ఫ్రెంచి ఓడ ఆఫ్రికా తీరంలో ఇసుకమేటకు తగులుకుంది. అధికారులు పడవలెక్కి పోగా, దాదాపు 147 మందిని తెప్ప మీద వదిలేశారు. 13 రోజుల తర్వాత బతికి దొరికినవాళ్లు 15 మంది. చిత్రంలో అందరికంటే పైన నిలబడి, దూరపు ఓడకేసి గుడ్డ ఊపుతున్న మనిషి నల్లజాతివాడు. నడిసముద్రంలో తెప్ప, బతికి బయటపడటం, శిఖరాన ఒక నల్లని వీపు: ఇంత మోసే చిత్రం వెనక ఉండగా జే-జీ పెద్దగా అభినయించాల్సిన అవసరమే పడలేదు.

జే-జీ ఇదే పాటలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌ను ఉద్దేశించి, మీ సూపర్ బౌల్ (ఆ లీగ్ ఫైనల్) నాకు అక్కర్లేదని పాడతాడు. వీడియోలో నల్లజాతి యువకులు వరుసగా ఒంటిమోకాలి మీద ఉన్న షాట్ కనిపిస్తుంది. 2016లో ఆటగాడు కాలిన్ కెపర్నిక్ పోలీసు హింసకు నిరసనగా జాతీయగీతం వేళ అలా మోకాలు వంచాడు. ఇది అమెరికా ప్రేక్షకులు క్షణంలో పోల్చుకునే ఉటంకింపు. చిత్రకళ తెలియాల్సిన పనే లేదు.

మెట్ల మీద రెక్కల విజయదేవత విగ్రహం దగ్గర బియాన్సే పొరలు పొరలుగా తెల్లటి గౌను వేసుకుని నిలబడుతుంది, నర్తకులు మెట్ల మీద పడుకుని ఉంటారు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు ఆ విగ్రహానికి తల, చేతులు లేవు. వీడియో మొదట్లో రాత్రివేళ మ్యూజియం బయట రెక్కలు తగిలించుకుని కూర్చున్న యువకుడు ఎవరన్నదానికి దేవదూత, గ్రీకు పురాణంలో రెక్కలతో ఎగిరి కూలిన ఇకారస్, స్వర్గం నుంచి పడిపోయిన దేవదూత అని రకరకాల జవాబులు వచ్చాయి. లోపల రెక్కల విగ్రహం ఉంది, బయట రెక్కల మనిషి ఉన్నాడు అన్నంతవరకే నేను నమ్మకంగా చెప్పగలను.

ఇది దాంపత్య కథ కూడా

జాతి, చరిత్ర కోణంలోనే చూస్తే ఒక పొర జారిపోతుంది. 2016లో బియాన్సే 'లెమనేడ్' ఆల్బమ్‌లో భర్త నమ్మకద్రోహం గురించి పాడింది. 2017లో జే-జీ '4:44' ఆల్బమ్‌లో తప్పు ఒప్పుకున్నాడు. 2018 నాటి ఈ ఆల్బమ్ రాజీ. 2014లోనే ఈ జంట మోనాలిసా ముందు ఫోటో దిగింది. వీడియోలో మొదట మనవైపు చూసిన ఇద్దరూ చివర్లో ఒకరినొకరు చూసుకుని, తర్వాత మోనాలిసా వైపు తిరుగుతారు. అప్పటిదాకా వాళ్లు మనకు ప్రదర్శనగా ఉన్నారు. చివర్లో మనతోపాటు సందర్శకులయ్యారు.

పిరమిడ్ సంగతి

ప్రపంచాన్ని తెరవెనక నడిపిస్తుందని కొందరు నమ్మే రహస్య సంఘం 'ఇల్యూమినాటి'లో ఈ జంట ఉందన్న పుకారు ఎప్పటినుంచో ఉంది. జే-జీ రెండు చేతులతో చూపే ఆకారం అతని పాత కంపెనీ రాక్-ఎ-ఫెల్లా రికార్డ్స్ వజ్రం గుర్తు. దాన్నే త్రికోణం అని, రహస్య సంఘం ముద్ర అని ప్రచారం చేశారు. అందుకే లూవ్ర్ గాజు పిరమిడ్ ముందు వీళ్లు కనిపించగానే సాక్ష్యం దొరికిందన్నారు. ఆ పిరమిడ్ 1989లో ఆర్కిటెక్ట్ ఐ.ఎం.పే కట్టిన మ్యూజియం ప్రవేశద్వారం. అందులో సైతాను సంఖ్యగా చెప్పుకునే 666 అద్దాలున్నాయనేది మరో పుకారు. మ్యూజియం చెప్పే లెక్క 673.

రెండు రకాల వ్యాఖ్యానాలకూ తేడా ఇక్కడే ఉంది. పట్టాభిషేకం షాట్‌కు చెప్పిన అర్థాన్ని ఎవరైనా తెరమీద, చరిత్ర పుస్తకంలో సరిచూసుకోవచ్చు, కాదని వాదించవచ్చు. పిరమిడ్ కథను సరిచూసే దారి లేదు. రుజువు లేకపోవడమే రహస్యానికి రుజువు అంటారు.

అభ్యంతరాలు

ఈ వీడియోను మెచ్చినవాళ్లు, శతాబ్దాలుగా తమను గోడల మీదికి రానివ్వని చోటును నల్లజాతి కళాకారులు ఆక్రమించారని అంటారు. ఎదుటి వాదనలో రెండు పాయలున్నాయి. ఒకటి, ఇది ఆక్రమణ ఎలా అవుతుంది, అనుమతి తీసుకున్న షూటింగ్ కదా అని. కథాసంగ్రహం చూసి ఒప్పుకున్నామని మ్యూజియమే చెప్పింది. ఆ తర్వాత వీడియోలోని 17 కళాఖండాలతో సందర్శకులకు ప్రత్యేక మార్గం తయారుచేసింది. 2017లో 81 లక్షలున్న సందర్శకులు 2018లో కోటీ 2 లక్షలకు చేరారు. పర్యాటకం కోలుకోవడం, చిత్రకారుడు డెలక్రువా ప్రదర్శనతోపాటు ఈ వీడియో కూడా కారణమని మ్యూజియం అంది. ధిక్కారం అనుకున్నది సంస్థకు ప్రచారమైంది.

రెండోది మరింత లోతైనది. మ్యూజియంలోకి ఆ వస్తువులు వచ్చిన దారి గురించి వీడియో పెదవి విప్పదు. వెరొనీస్ గీసిన 'కానా పెళ్లి'ని నెపోలియన్ సైన్యం 1797లో వెనిస్ మఠం నుంచి తెచ్చింది, తిరిగివ్వలేదు. దంపతులు ఎదుట నిలబడిన టానిస్ స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్లు ఉన్న రాతి విగ్రహం) 1826లో ఈజిప్టు నుంచి వచ్చి చేరింది. వీడియో మొదట్లో కెమెరా తిరిగే అపోలో గ్యాలరీ మన కథకూ తగులుతుంది. కృష్ణా తీరపు గోల్కొండ గనుల్లో దొరికి, మద్రాసు గవర్నర్ థామస్ పిట్ చేతులు మారి, 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధి కొన్న 140 క్యారెట్ల రీజెంట్ వజ్రం ఉండేది ఆ గ్యాలరీలోనే. నెపోలియన్ దాన్ని కత్తి పిడిలో పొదిగించుకున్నాడు. 2025 అక్టోబర్‌లో దొంగలు అదే గ్యాలరీ నుంచి 8 ఆభరణాలు ఎత్తుకుపోయినప్పుడు రీజెంట్ మిగిలింది. నేను ఈ రెండో అభ్యంతరంతో ఏకీభవిస్తాను. గోడ మీద ఎవరి ముఖం లేదు అని వీడియో గట్టిగా అడిగింది. గాజుపెట్టెలో ఎవరి సొత్తు ఉంది అని అడగలేదు.

ప్రభావమా, కాపీనా?

పాత చిత్రాలను ఉటంకిస్తే గొడవ లేదు. డేవిడ్ వచ్చి వాటా అడగడు, గోడ మీద అతని పేరూ ఉంది. బతికున్న కళాకారుల విషయంలోనే చిక్కు. 2011లో బియాన్సే 'కౌంట్‌డౌన్' వీడియోలోని కదలికలు తన నృత్యాల నుంచి ఎత్తినవని బెల్జియం కొరియోగ్రాఫర్ అన్నె తెరెసా ద కీర్స్‌మాకర్ ఆరోపించింది. స్ఫూర్తి పొందినమాట నిజమేనని బియాన్సే ఒప్పుకుంది. 2016లో 'హోల్డప్' వీడియోలో పసుపు గౌనులో నవ్వుతూ కారు అద్దాలు పగలగొట్టే బియాన్సేను చూడగానే, పువ్వు ఆకారపు కర్రతో కార్ల అద్దాలు పగలగొట్టే స్త్రీని 1997లోనే చిత్రించిన స్విస్ కళాకారిణి పిపిలోట్టి రిస్ట్ చాలామందికి గుర్తొచ్చింది. కానీ పసుపు, నీళ్లు పశ్చిమాఫ్రికాలోని యొరుబా జాతి దేవత ఓషున్ గుర్తులు కూడా. రిస్ట్ వీడియోలో ఆ అర్థం లేదు. ఒకే షాట్‌కు ఇద్దరు తల్లులు ఉండొచ్చు.

2018లోనే ర్యాపర్ కెండ్రిక్ లమార్ 'ఆల్ ద స్టార్స్' వీడియోలోని బంగారు నమూనాలు తనవేనని చిత్రకారిణి లీనా ఐరిస్ విక్టర్ కోర్టుకెళ్లింది. తన చిత్రాలను వాడుకోవడానికి గతంలో అడిగితే తాను నిరాకరించానన్నది ఆమె వాదన. ఆ కేసు అదే ఏడాది చివర్లో రాజీతో ముగిసింది. అడిగి, కాదనిపించుకుని, పోలిన దాన్నే చేస్తే ప్రభావం అనే మాట వెనక దాక్కోవడం కష్టం.

'ఏప్‌షిట్'లోనూ ఇలాంటి ప్రశ్న ఒకటుంది. మోనాలిసా ముందు ఒక స్త్రీ ఒక పురుషుడి జుట్టు దువ్వుతూ కనిపిస్తుంది. ఇల్లే ప్రపంచంగా నల్లజాతి జీవితాన్ని 1990లో 'కిచెన్ టేబుల్ సిరీస్' ఫోటోల్లో చూపిన క్యారీ మే వీమ్స్‌తో విమర్శకులు దీన్ని పోల్చారు. అయితే జుట్టు దువ్వడం ఎవరి సొంత భంగిమా కాదు, వీమ్స్ ఫోటోల్లో మోనాలిసా లేదు. ఆ ఇంటి పనిని తెచ్చి, ప్రపంచమంతా ఎగబడి చూసే చిత్రం ముందు, దాన్ని పట్టించుకోనట్టు కూర్చోబెట్టడం ఈ వీడియో సొంతంగా చేసిన పని. కాబట్టి ఇక్కడ ప్రభావం అంటే నేను ఒప్పుకుంటాను, కాపీ అంటే ఒప్పుకోను.